కారుకు కంపెనీ పార్టులే పడాలంటే ఇన్సూరెన్స్ ఎలా ఎంచుకోవాలి

మీ కారు పాలసీ పీడీఎఫ్ ఒకసారి తెరిచి "ఓన్ డ్యామేజ్" సెక్షన్ చదవండి. కారుకు దెబ్బ తగిలితే బీమా కంపెనీ ఏం చేస్తుందో రాసి ఉండేది అక్కడే. రిపేరు చేయించవచ్చు, పార్టు మార్పించవచ్చు, లేదంటే డబ్బు చేతికి ఇవ్వవచ్చు. వీటిలో ఏది అన్నది వాళ్ల ఇష్టం. ఇచ్చేది మాత్రం రిపేరుకు నిజంగా అయిన, సమంజసమైన ఖర్చు, అదీ డిప్రిసియేషన్ (పార్టు పాతబడిందని కోసే మొత్తం) పోను. కారు తయారు చేసిన కంపెనీ పార్టే వేయిస్తామన్న మాట మన స్టాండర్డ్ పాలసీలో ఎక్కడా కనిపించదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు చాలా బీమా కంపెనీలు ఒరిజినల్ పార్టుల కోసం విడిగా ఓఈఎం (కారు కంపెనీ పార్టు) ఎండార్స్‌మెంట్ అనే అదనపు కవర్ అమ్ముతాయి. ఇక్కడ ఆ పేరుతో కవర్ దొరకడం అరుదు. కానీ అదే రక్షణను మనం ముక్కలుముక్కలుగా కూర్చుకోవచ్చు. రిపేరు ఏ వర్క్‌షాప్‌లో జరుగుతుంది, పార్టు ధరలో కోత ఎంత, నష్టం లెక్కగట్టే బీమా సర్వేయర్ దేనికి ఒప్పుకుంటాడు, చివరికి బిల్లులో ఉన్నదీ బండికి పడిందీ ఒకటేనా... ఈ నాలుగూ కుదిరితే మీ కారుకు కంపెనీ పార్టే పడుతుంది. మొదటి రెండూ పాలసీ కొనేటప్పుడు తేలిపోతాయి. మిగతా రెండింటికీ క్లెయిమ్ రోజున మీరే నిలబడాలి.

ముందు పార్టుల్లో తేడా తెలుసుకోండి

స్పేర్ పార్టుల షాపులో "ఒరిజినలే సార్" అంటే దానికి రెండు మూడు అర్థాలుంటాయి. కారు కంపెనీ తన పెట్టెలో, తన పార్ట్ నంబరుతో అమ్మేది ఒకటి. మారుతీకి మారుతీ సుజుకీ జెన్యూన్ పార్ట్స్, హ్యుందాయ్, కియా కార్లకు మోబిస్, టాటాకు టాటా జెన్యూన్ పార్ట్స్. రెండోది, ఆ కారు కంపెనీకి పార్టులు సరఫరా చేసే సంస్థే తన సొంత పేరుతో బయట అమ్మేది. బాష్ వాళ్ల సెన్సర్, లూమాక్స్ లైటు, ఆసాహీ ఇండియా అద్దం ఇలాంటివి. దీన్ని మార్కెట్లో ఓఈఎస్ అంటారు. నాణ్యత దాదాపు కంపెనీ పార్టుతో సమానంగా ఉంటుంది, ధర కాస్త తక్కువ. మూడోది లోకల్, అంటే చూడ్డానికి అలాగే ఉండే నకలు. సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనూ విజయవాడ ఆటోనగర్‌లోనూ ఈ మూడూ పక్కపక్క షాపుల్లోనే దొరుకుతాయి. అక్కడ నిజాయతీగా అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు, ఏది కావాలో మనం తేల్చి చెబితే అదే ఇస్తారు. వీటికి తోడు పాత బండ్ల నుంచి విప్పిన సెకండ్‌హ్యాండ్ సరుకు ఉంటుంది.

కంపెనీ పార్టు బయట సులువుగా ఎందుకు దొరకదన్న గొడవ పాతదే. కార్ల కంపెనీలు జెన్యూన్ స్పేర్ పార్టుల్ని బయటి మార్కెట్లోకి రానివ్వడం లేదని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కంపెనీలకు కలిపి 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు కోర్టులకెక్కాయి. ఇప్పటికీ కొన్ని మోడళ్లకు ముఖ్యమైన పార్టు కావాలంటే ఆ కంపెనీ ఆథరైజ్డ్ వర్క్‌షాపే దిక్కు. కాబట్టి ఏ వర్క్‌షాప్‌లో చేయించుకోవచ్చన్నది పాలసీ ఎంపికలో పెద్ద విషయం.

అన్ని పార్టులకూ ఒకే పట్టుదల అక్కర్లేదు. మడ్‌గార్డ్ లైనర్‌కి ఓఈఎస్ పడినా నష్టం లేదు. ఎయిర్‌బ్యాగ్, దాని సెన్సర్లు, సీట్‌బెల్ట్ ప్రీటెన్షనర్ (ప్రమాదంలో బెల్టును బిగించి పట్టేది), స్టీరింగ్, సస్పెన్షన్, బ్రేకులు, ముందు అద్దం, హెడ్‌లైట్ల దగ్గర మాత్రం రాజీ పడవద్దు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్న ప్రమాదంలో సాధారణంగా సీట్‌బెల్ట్ ప్రీటెన్షనర్ కూడా పేలి ఉంటుంది. అది ఒక్కసారి పనిచేసే వస్తువు, మార్చి తీరాలి. బయటికి కనపడదు కాబట్టి కొన్ని చోట్ల ఎస్టిమేట్‌లోనే రాయరు. ముందు అద్దం వెనక కెమెరా ఉన్న కొత్త కార్లలో అద్దం మార్చాక కెమెరాను మళ్లీ క్యాలిబ్రేట్ చేయాలి. అద్దం మందం, వంపు కొద్దిగా తేడా వచ్చినా లేన్ హెచ్చరికలూ ఆటోమేటిక్ బ్రేకింగూ తప్పుడు లెక్కలు వేస్తాయి.

డిప్రిసియేషన్ లెక్క మీరే వేసుకోండి

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. ఈ లెక్క అర్థమైతే ఏజెంట్ చెప్పే సగం మాటలకు అర్థం దానంతట అదే తెలుస్తుంది.

జీరో డెప్ (ఈ కోత లేకుండా చేసే యాడ్-ఆన్, అంటే అదనపు కవర్) లేని మామూలు పాలసీలో, మార్చిన పార్టుల్లో చాలావాటి ధరలోంచి కొంత కోస్తారు. రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్ పార్టులు, టైర్లు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగులకు 50 శాతం కోత. కారు నిన్న కొన్నదైనా సరే. ఫైబర్‌గ్లాస్‌కు 30 శాతం. అద్దానికి కోత లేదు. ఇనుము, మిగతా పార్టులకు కారు వయసును బట్టి: ఆరు నెలల లోపు ఏమీ ఉండదు, ఏడాది లోపు 5 శాతం, రెండేళ్ల లోపు 10, మూడేళ్ల లోపు 15, నాలుగేళ్ల లోపు 25, ఐదేళ్ల లోపు 35, పదేళ్ల లోపు 40, ఆపైన 50. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతును రంగు ఖర్చుగా లెక్కేసి అందులో సగం తీసేస్తారు. లేబర్ మీద కోత ఉండదు.

ఇప్పుడు ఒక ఉదాహరణ చూద్దాం. మూడున్నరేళ్ల హ్యాచ్‌బ్యాక్ ముందు భాగం దెబ్బతిందనుకోండి. బంపర్ 6,000, గ్రిల్ 2,000, హెడ్‌ల్యాంప్ 8,000, బానెట్ 10,000, రేడియేటర్ 8,000, పెయింటింగ్ 12,000, లేబర్ 6,000, కూలెంట్, క్లిప్పులు, నట్లు, బోల్టులు కలిపి 2,000. మొత్తం 54,000 రూపాయలు.

బంపర్, గ్రిల్, హెడ్‌ల్యాంప్ మూడూ ప్లాస్టిక్ లెక్కలోకి వస్తే సగం కోత, అంటే 8,000 పోయింది. బానెట్, రేడియేటర్‌లకు 25 శాతం చొప్పున 4,500. పెయింటింగ్‌లో 1,500. కూలెంట్, క్లిప్పుల లాంటి కన్జ్యూమబుల్స్‌ను మామూలు పాలసీ ఇవ్వదు, ఇంకో 2,000. 1500 సీసీ లోపు కారుకు కంపల్సరీ డిడక్టిబుల్, అంటే ప్రతి క్లెయిమ్‌లో మీరే కట్టాల్సిన మొత్తం, 1,000 ఎలాగూ ఉంటుంది, ఆపైన ఇంజిన్ అయితే 2,000. మొత్తం మీ జేబులోంచి 17,000 పోతాయి.

అదే కారుకు జీరో డెప్ ఉంటే 3,000 కడితే చాలు. కన్జ్యూమబుల్స్ కవర్ కూడా ఉంటే 1,000తో బయటపడతారు.

మరి దీనికీ ఒరిజినల్ పార్టుకూ సంబంధం ఏమిటి? మనుషులు లోకల్ పార్టుకు ఒప్పుకునేది ఎక్కువగా ఈ 17,000 చూసే. "సార్, కంపెనీ హెడ్‌ల్యాంప్ వేస్తే మీ మీద నాలుగు వేలు పడుతుంది, బయటిది వేద్దామా" అని గ్యారేజీలో అడగ్గానే ఎవరికైనా మనసు లాగుతుంది. జీరో డెప్ ఉంటే ఆ ప్రశ్నే రాదు. పైగా కంపెనీలు హెడ్‌ల్యాంప్‌ను, సైడ్ మిర్రర్‌ను చాలాసార్లు మొత్తం అసెంబ్లీగానే అమ్ముతాయి, విడి అద్దమో విడి కవరో దొరకదు. చిన్న మూల విరిగినా బిల్లు పెద్దదే అవుతుంది. కాబట్టి కంపెనీ పార్టులు కావాలనుకునేవాళ్లు ముందుగా కొనాల్సింది జీరో డెప్. దీన్నే బంపర్ టు బంపర్ అని కూడా అంటుంటారు. ఆ పేరు విని అన్నీ వచ్చేస్తాయని అనుకోవద్దు. చాలా పాలసీల్లో టైర్లు, ట్యూబులు దీని కిందికి రావు. బ్యాటరీ సంగతి పాలసీని బట్టి ఉంటుంది.

జీరో డెప్ సాధారణంగా ఐదేళ్ల లోపు కార్లకు తేలిగ్గా ఇస్తారు. ఏడేళ్ల వరకు, అంతకన్నా ఎక్కువకూ ఇచ్చేవాళ్లున్నారు, వెతకాలి. పాలసీ మధ్యలో గ్యాప్ వస్తే కొత్తగా జీరో డెప్ ఇవ్వడానికి బండి ఇన్‌స్పెక్షన్ అడుగుతారు, కొన్నిసార్లు ఇవ్వమనీ అంటారు. గ్యాప్ 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ వేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కూడా పోతుంది. రెన్యువల్ తేదీకి నెల ముందే ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

మిగతా యాడ్-ఆన్‌ల గురించి రెండు ముక్కలు. ఇంజిన్ ప్రొటెక్ట్: వర్షాలకు నీళ్లు నిలిచే కాలనీలో ఉంటే తీసుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కార్లు మునిగినప్పుడు ఈ కవర్ విలువ చాలామందికి తెలిసింది. నీళ్లు పోయిన ఇంజిన్‌కు మామూలు పాలసీతో డబ్బు రావడం కష్టం. రిటర్న్ టు ఇన్‌వాయిస్ కారు మొత్తం పోయినప్పుడు పనికొస్తుంది, పార్టులతో దానికి పని లేదు. టైర్ కవర్, తాళం కవర్ మీ ఇష్టం.

వర్క్‌షాప్ సంగతి కొనకముందే తేల్చుకోండి

బీమా కంపెనీ వెబ్‌సైట్‌లో నెట్‌వర్క్ గ్యారేజీల జాబితా ఉంటుంది. వాళ్లు వేలల్లో అంకె చెబుతారు, అది మనకు అనవసరం. మీ కారు బ్రాండ్‌కు మీ ఊళ్లో ఉన్న ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్ పేరు అందులో ఉందా లేదా? ఇంతే చూడండి. ఖమ్మంలో ఉండేవాళ్లకు హైదరాబాద్ షోరూమ్‌లో క్యాష్‌లెస్ (బిల్లును బీమా కంపెనీయే నేరుగా వర్క్‌షాప్‌కు కట్టడం) ఉన్నా ఉపయోగం లేదు. జాబితాలో పేరు కనిపించినా ఆ సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి, "ఫలానా కంపెనీ పాలసీకి మీ దగ్గర క్యాష్‌లెస్ ఇప్పుడు నడుస్తోందా?" అని బాడీషాప్ అడ్వైజర్‌ని అడగండి. టైఅప్‌లు మారుతుంటాయి. జాబితాలు అంత త్వరగా మారవు. ఆ ఫోన్లోనే ఇంకో మాట కూడా అడగండి: ఏ కంపెనీ సర్వేయర్లు పార్టు మార్చడానికి తొందరగా ఒప్పుకుంటారు, ఎవరు ప్రతిదానికీ డెంటింగ్ చేయమంటారు? రోజూ ఈ పనిలోనే ఉండే అడ్వైజర్‌కు తెలిసినంత మనకు ఏ రేటింగ్ చూసినా తెలియదు.

ఇప్పుడొక జాగ్రత్త. ఆన్‌లైన్‌లో పాలసీ కొంటుంటే "మా ఎంపిక చేసిన గ్యారేజీల్లోనే రిపేరు చేయించుకుంటే ప్రీమియం తగ్గింపు" అని ఒక ఆప్షన్ కొన్నిచోట్ల కనిపిస్తుంది. కొన్ని చోట్ల అది ముందే టిక్ పెట్టి ఉంటుంది కూడా. ఆ గ్యారేజీలు ఎక్కువగా మల్టీబ్రాండ్ వర్క్‌షాపులు. మీరు ఆథరైజ్డ్ సెంటర్‌కు వెళితే అదనపు కోత పడుతుంది. కొన్ని వందలు మిగులుతాయని అది ఎంచుకుంటే కంపెనీ పార్టుల మీద ఆశ వదులుకున్నట్టే. టిక్ తీసేయండి.

షోరూమ్ వాళ్లే అమ్మే పాలసీ మంచిదా అని చాలామంది అడుగుతారు. మంచి ఏమిటంటే, ఆ కార్ల కంపెనీ వర్క్‌షాపులన్నిట్లోనూ క్యాష్‌లెస్ సాఫీగా జరుగుతుంది, పార్టుల ధరల మీద పెద్దగా పేచీ ఉండదు. చెడు ఏమిటంటే ప్రీమియం బయటికన్నా ఎక్కువ. బేరం ఆడితే తగ్గిస్తారు, బయటి కోట్ ప్రింట్ తీసి చూపించండి. తమ దగ్గరే కొనాలని షోరూమ్ బలవంతం చేయకూడదు. డీలర్లు బీమా అమ్మే పద్ధతి మీద బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలు 2017 నుంచి ఉన్నాయి.

కొత్త కారు కొన్నవాళ్లు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు థర్డ్ పార్టీ పాలసీ (ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) మూడేళ్లకు ఒకేసారి తీసుకోవాలి. ఓన్ డ్యామేజ్ మాత్రం ఏడాదికే తీసుకోవచ్చు. 2019 సెప్టెంబరు నుంచి దాన్ని విడిగా వేరే కంపెనీ దగ్గర కొనుక్కునే వీలూ వచ్చింది. మన పార్టుల వ్యవహారమంతా ఓన్ డ్యామేజ్‌లోనే ఉంది కాబట్టి, మొదటి ఏడాది నచ్చకపోతే రెండో ఏడాదే కంపెనీ మార్చేయండి. నో క్లెయిమ్ బోనస్ మీతో పాటే వస్తుంది.

డబ్బు కట్టే ముందు ఈమెయిల్ పంపండి

ఫోన్‌లో ఎవరో "అన్నీ కవర్ అవుతాయి సార్" అన్నది రేపు క్లెయిమ్ రోజున ఎవరికీ గుర్తుండదు. ఏజెంట్ మీ బంధువే అయినా, మొహమాటపడకుండా రాతలో అడగండి. బీమా కంపెనీ కస్టమర్ కేర్ ఈమెయిల్‌కు ఇలా రాస్తే సరిపోతుంది:

"నా కారు మోడల్, కొన్న సంవత్సరం ఇవి. మీ దగ్గర జీరో డెప్‌తో పాలసీ తీసుకోవాలనుకుంటున్నాను. ఆథరైజ్డ్ వర్క్‌షాప్‌లో రిపేరు చేయించినప్పుడు, మార్చాల్సిన పార్టుకు కారు కంపెనీ ఎమ్మార్పీ పూర్తిగా ఆమోదిస్తారా, లేక వేరే బ్రాండ్ ధరకు పరిమితం చేస్తారా? జీరో డెప్ ఏడాదిలో ఎన్ని క్లెయిములకు వర్తిస్తుంది? జీరో డెప్ క్లెయిమ్ మీద కంపల్సరీ డిడక్టిబుల్ కాకుండా ఇంకేదైనా కోత ఉందా? క్యాష్‌లెస్ లేని వర్క్‌షాప్‌లో చేయించి బిల్లు పెడితే కూడా జీరో డెప్ వర్తిస్తుందా? ఈ జవాబులు పాలసీ వర్డింగ్‌లో ఏ క్లాజులో ఉన్నాయో చెప్పగలరు."

చివరి వాక్యం తీసేయవద్దు. క్లాజు నంబరు అడిగితేనే జవాబు జాగ్రత్తగా రాస్తారు. జవాబే రాకపోతే, కొనకముందే ఇలా ఉన్నవాళ్లు క్లెయిమ్ రోజున ఎలా ఉంటారో ఆలోచించుకోండి.

పాలసీతో పాటు కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అని ఒక చిన్న పత్రం కూడా ఇవ్వాలని 2024లో ఐఆర్‌డీఏఐ చెప్పింది. ఏవి వస్తాయి, ఏవి రావు, కోతలు ఎంత అన్నది అందులో తేలిక మాటల్లో ఉంటుంది. పూర్తి వర్డింగ్ చదివే ఓపిక లేకపోతే కనీసం అదైనా చదవండి. ఈమెయిల్ జవాబునూ ఈ షీటునూ పాలసీతో కలిపి ఒకే ఫోల్డర్‌లో పెట్టండి.

కోట్‌లు పోల్చేటప్పుడు

ఒక కోట్ 9,000, ఇంకొకటి 11,500 అని చూసి తక్కువది తీసుకోవద్దు. ముందు రెండిట్లోనూ ఐడీవీ ఒకటేనా చూడండి. ఐడీవీ అంటే కారు పూర్తిగా పోతే ఇచ్చే మొత్తం. దాన్ని తగ్గిస్తే ప్రీమియం తగ్గినట్టు కనిపిస్తుంది. కానీ రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే ఆ బండిని టోటల్ లాస్‌గా తీసుకుంటారు. ఐడీవీ తక్కువ పెట్టుకుని అన్నీ కంపెనీ పార్టులతో ఎస్టిమేట్ వేయిస్తే, బాగుచేయించుకోదగ్గ కారు కూడా ఆ గీత దాటిపోతుంది.

తర్వాత వాలంటరీ డిడక్టిబుల్ చూడండి. 2,500 నుంచి 15,000 వరకు "నా వాటా నేను పెట్టుకుంటా" అని ఒప్పుకుంటే ప్రీమియంలో కొంత తగ్గిస్తారు. ప్రతి క్లెయిమ్‌లోనూ అంత మీరు కట్టాలి కాబట్టి, జీరో డెప్ కొని దీన్ని కూడా పెట్టుకోవడం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కోవడమే. సున్నా ఉంచండి.

కన్జ్యూమబుల్స్ కవర్ ఖర్చు సాధారణంగా చాలా తక్కువ. తీసుకోండి.

దెబ్బ తగిలిన రోజు

ఫొటోలు తీసి, బీమా కంపెనీకి వెంటనే చెప్పండి. బండిని ఆథరైజ్డ్ వర్క్‌షాప్‌కు తరలించండి. మామూలు పాలసీలో టోయింగ్‌కు ఇచ్చేది 1,500 రూపాయల వరకే, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటే దాన్ని వాడుకోండి. సర్వే కాకముందు పని మొదలుపెట్టనివ్వద్దు. స్టాండర్డ్ పాలసీ ప్రకారం మీ అంతట మీరు చేయించుకోగల రిపేరు 500 రూపాయల లోపే. అదెప్పటి అంకెనో, ఇప్పటికీ అలాగే ఉంది. ఆ గీత దాటితే క్లెయిమ్‌కే ఎసరు రావచ్చు.

వర్క్‌షాప్‌లో ఎస్టిమేట్ ఇచ్చేటప్పుడు ప్రతి పార్టు పక్కన పార్ట్ నంబరు ఉండాలని అడగండి. ఆథరైజ్డ్ సెంటర్ సిస్టమ్‌లో అది దానంతట అదే వస్తుంది. మల్టీబ్రాండ్ గ్యారేజీలో "హెడ్‌ల్యాంప్ ఆర్‌హెచ్ - 1" అని మాత్రమే రాస్తే, అక్కడ ఏది వేసినా అడగడానికి మీ దగ్గర ఆధారం ఉండదు.

సర్వేయర్ వచ్చే టైమ్ కనుక్కుని మీరు అక్కడ ఉండండి. అసలు వాదన సాధారణంగా "మార్చాలా, బాగుచేయాలా" అన్న దగ్గరే వస్తుంది. బానెట్ కొద్దిగా సొట్టపడితే డెంటింగ్‌తో సరిపోతుంది, సర్వేయర్ చెప్పింది న్యాయమే, ఒప్పుకోండి. విరిగిన బంపర్ క్లిప్పుల్ని ప్లాస్టిక్ వెల్డింగ్ చేయమంటే, అది బిగువుగా నిలుస్తుందా అని అడ్వైజర్‌ని అక్కడే అడగండి. సస్పెన్షన్ ఆర్మ్ వంగితే, హెడ్‌ల్యాంప్ లగ్ (దాన్ని బిగించే చెవి) విరిగితే మాత్రం "మార్చాల్సిందే" అని చెప్పి, వినకపోతే కారణం రాసి ఇమ్మనండి. మర్యాదగా చెబితే చాలు. "సార్, ఇది స్టీరింగ్‌కు సంబంధించినది, ఇంట్లో పిల్లలు తిరిగే బండి, రిపేరు పార్టుతో నేను నడపలేను" అంటే వినిపించుకునేవాళ్లే ఎక్కువ. ఎయిర్‌బ్యాగులు తెరుచుకుని ఉంటే సీట్‌బెల్ట్ ప్రీటెన్షనర్లు ఎస్టిమేట్‌లో ఉన్నాయా అని ఆ రోజే చూసుకోండి.

విప్పాక లోపల ఇంకా దెబ్బ బయటపడితే సప్లిమెంటరీ ఎస్టిమేట్ వేసి మళ్లీ సర్వేయర్‌కు చూపించాలి. ఇది మామూలే, టెన్షన్ పడొద్దు. ఆమోదించిన పార్టుల జాబితా వాట్సాప్‌లో తెప్పించుకోండి. ఏది మారుస్తారు, ఏది బాగుచేస్తారు, ఏది ఒప్పుకోలేదు అన్నది అందులో ఉంటుంది.

పార్టు రావడానికి మూడు వారాలు పడుతుంది, లోకల్‌ది అయితే రేపే వేసేస్తాం అనే మాట కూడా వినాల్సి వస్తుంది. తొందరపడకండి. పార్టు ఆర్డర్ పెట్టిన తేదీ, ఆర్డర్ నంబరు అడగండి. చాలాసార్లు ఆర్డరే పెట్టి ఉండరు.

బండికి పడింది ఏదో చూసుకోండి

మా బావగారి కారుకు ఒక మల్టీబ్రాండ్ గ్యారేజీలో కుడి హెడ్‌ల్యాంప్ మార్చారు. బిల్లులో కంపెనీ పార్ట్ నంబరే ఉంది, ధర కూడా కంపెనీదే. మొదటి వానకే లోపల అద్దానికి ఆవిరి పట్టింది. రాత్రి గోడ ముందు ఆపి చూస్తే ఎడమ లైటు వెలుగు అంచు గీత గీసినట్టు ఉంటే, కుడిది చెదిరిపోయి పైకి కొడుతోంది. బానెట్ ఎత్తి టార్చ్ వేశాం. ఎడమ ల్యాంప్ వెనక నల్ల ప్లాస్టిక్ మీద కారు కంపెనీ గుర్తు, పార్ట్ నంబరు అచ్చుపోసి ఉన్నాయి. కుడిదాని మీద నున్నటి ప్లాస్టిక్ తప్ప ఏమీ లేదు. రెండింటి ఫొటోలూ బిల్లుతో కలిపి బీమా కంపెనీకి పంపితే మళ్లీ ఇన్‌స్పెక్షన్‌కు మనిషి వచ్చాడు, గ్యారేజీ వాళ్లు మాట్లాడకుండా కంపెనీ ల్యాంప్ వేశారు.

మీరు ఇంత దూరం వెళ్లక్కర్లేకుండా, పార్టులు వచ్చాయని ఫోన్ రాగానే బిగించకముందు వెళ్లి పెట్టెలు చూడండి. పెట్టె మీద స్టిక్కర్‌లో పార్ట్ నంబరు, ఎమ్మార్పీ, ప్యాక్ చేసిన నెల ఉంటాయి. ఆమోదించిన జాబితాతో సరిచూసి ఫొటో తీసుకోండి. వెళ్లడం కుదరకపోతే అడ్వైజర్‌నే ఫొటోలు పంపమనండి, మంచి సెంటర్లలో అడగకుండానే పంపుతారు. ముందు అద్దం అయితే కింది మూలలో ముద్ర చూడండి. అద్దం తయారీదారు పేరు, ఐఎస్ఐ గుర్తు, కంపెనీ అద్దమైతే చాలా మోడళ్లకు కారు కంపెనీ లోగో కూడా ఉంటాయి. పక్క తలుపు అద్దం మీదున్న ముద్రతో పోల్చండి.

డెలివరీ రోజున శాటిస్‌ఫాక్షన్ వోచర్ మీద సంతకం అడుగుతారు. పని బాగుందని మీరు ఒప్పుకున్నట్టు ఆ కాగితం. బిల్లులో పార్ట్ నంబర్లు, జీఎస్‌టీ నంబరు ఉన్నాయో లేదో చూసి, బండి ఒక రౌండ్ నడిపి, లైట్లు వేసి చూశాకే సంతకం పెట్టండి. డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ లైటు ఇగ్నిషన్ ఆన్ చేయగానే వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా అనుమానించాల్సిందే.

చిన్న దెబ్బలకు క్లెయిమ్ వద్దు

బంపర్ గీతకు, 3,000 రూపాయల మిర్రర్‌కు క్లెయిమ్ వేయకండి. వరుసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకుంటే బోనస్ 50 శాతానికి చేరుతుంది. ఓన్ డ్యామేజ్ ప్రీమియం 12,000 ఉంటే అందులో 6,000 తగ్గుతుందన్నమాట. ఒక్క క్లెయిమ్‌తో అది సున్నాకు పడుతుంది. పైగా జీరో డెప్‌కు ఏడాదికి రెండే క్లెయిములని పెట్టిన పాలసీలున్నాయి. గీతలకు వాడేస్తే నిజంగా పెద్ద దెబ్బ తగిలిన రోజుకు మిగలవు. చిన్నవాటికి మీరే కంపెనీ పార్టు కొని వేయించుకోండి.

కారు పాతదైతే

ఏడెనిమిదేళ్లు దాటిన కారుకు జీరో డెప్ దొరకకపోవచ్చు, దొరికినా ప్రీమియం కారు విలువతో పోలిస్తే ఎక్కువ అనిపించవచ్చు. అలాంటప్పుడు ఇనుప పార్టుల మీద 40 శాతం (పదేళ్లు దాటితే 50), ప్లాస్టిక్ మీద 50 శాతం మీరే భరించాలని ముందే అనుకోండి. బ్రేకులు, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్‌లకు కంపెనీ పార్టు, మిగతావాటికి సరఫరాదారు పేరుతో వచ్చే ఓఈఎస్ పార్టు అని తేల్చుకుంటే ఖర్చు అదుపులో ఉంటుంది. ఆ మాట ఎస్టిమేట్ దశలోనే చెప్పి, బ్రాండ్ పేరు బిల్లులో రాయించండి. పాత మోడల్ పార్టుల తయారీని కంపెనీయే ఆపేసి ఉంటే సర్వీస్ సెంటర్ నుంచి ఆ మాట రాతలో తీసుకుని సర్వేయర్‌కు ఇవ్వండి.

మాట తప్పితే ఎక్కడికి వెళ్లాలి

మొదట బీమా కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు ఈమెయిల్ చేయండి. పాలసీ నంబరు, క్లెయిమ్ నంబరు, ముందు వాళ్లిచ్చిన జవాబు, పెట్టెల ఫొటోలు, సర్వే రిపోర్ట్ కాపీ జతచేయండి. సర్వే రిపోర్ట్ ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. స్పందన లేకపోతే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు, 155255కు ఫోన్ కూడా చేయవచ్చు.

నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా వివాదాలు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల వరకు వివాదాలు వింటారు. బీమా కంపెనీ కాదన్న ఏడాది లోపు ఫిర్యాదు చేయాలి. తప్పు గ్యారేజీదే అయితే, అంటే కంపెనీ పార్టుకు బిల్లు వేసి లోకల్‌ది బిగిస్తే, దానికి అంబుడ్స్‌మన్ కాదు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే అక్కడా ఫీజు ఉండదు. ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనే వేయవచ్చు. విప్పిన ఆ లోకల్ పార్టును మాత్రం గ్యారేజీకి తిరిగి ఇవ్వకుండా మీ దగ్గరే ఉంచుకోండి, కమిషన్ ముందు మీ సాక్ష్యం అదే.